మే నెల బిందెలు లెక్కపెట్టుకుని మొక్క నాటండి

మా ఇంటి ముందు పది అడుగుల వెడల్పు, ఇరవై అయిదు అడుగుల పొడవు మట్టినేల ఉంది. అనంతపురంలో రెండున్నర సెంట్ల ఇంటికి అది ఎక్కువే. సిమెంటు వేయిద్దామని మా ఆయన, వద్దని నేను. నేనే గెలిచాను. గెలిచిన ఉత్సాహంలో ఆ జూలైలో నర్సరీ నుంచి నలభై మొక్కలు ఆటోలో వేసుకొచ్చాను. మరుసటి మే దాటేసరికి పదకొండు మిగిలాయి.

అప్పట్నుంచి నాది ఒకటే లెక్క. వానలు పడేటప్పుడు నేల ఎన్ని మొక్కలనైనా మోస్తుంది. మే నెలలో నేను ఎన్ని బిందెలు మోయగలనో, మొక్కలు అన్నే ఉండాలి. నేలలో నాటిన పెద్ద మొక్కకు ఎండాకాలం రెండు రోజులకొక బిందె కావాలి. మాకు కొళాయి రోజు మార్చి రోజు వస్తుంది. వంటకూ స్నానాలకూ పోను మిగిలినవి, బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి అన్నీ కలిపితే పన్నెండు బిందెలు. కాబట్టి మావి పన్నెండు మొక్కలు: గుండుమల్లె నాలుగు, కనకాంబరం అయిదు, కరివేపాకు ఒకటి, నిమ్మ ఒకటి, మందారం ఒకటి. పదమూడోది ఎవరైనా ప్రేమగా ఇస్తే తీసుకుని, పక్కింటామెకు అంతే ప్రేమగా ఇచ్చేస్తాను. చిక్కుడు, బంతి, ఆకుకూరలు లెక్కలోకి రావు. అవి వానతో వచ్చి ఎండ ముదిరేలోపు పోయేవి.

బోరు నీళ్లు ఉన్నాయి కదా అంటారు. మా బోరు నీళ్లు పోసిన కుండీ చుట్టూ ఆర్నెల్లలో తెల్లటి ఉప్పు పెచ్చు కట్టింది. కరివేపాకు లేత ఆకులు పసుపురంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. అది ఎరువు లోపం కాదు, ఇనుము అందకపోవడం. శెనక్కాయ చేలో రైతులు చేసేదే నేనూ చేశాను: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లడం, వారం ఆగి మళ్లీ ఒకసారి. కొత్త చిగురు ఆకుపచ్చగా వచ్చింది. బోరు నీళ్లు తప్పకపోతే, మంచి వాన పడిన రోజు కుండీలను వానలోకి జరిపి, అడుగు రంధ్రం నుంచి నీళ్లు ధారగా కారేదాకా తడవనివ్వండి. ఉప్పు కొంత దిగిపోతుంది.

మన దగ్గర ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అందులో పెద్ద వాటా సెప్టెంబరుది. అందుకే మృగశిరలో ఒక వాన పడగానే మురిసిపోయి విత్తనాలు చల్లొద్దు. దాని వెనకే ఆషాఢం గాలి వస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలికి లేత మొక్క రోజంతా ఊగి ఊగి వేరు దగ్గర కదిలిపోతుంది, మట్టిలో తడి సాయంత్రానికి మాయమవుతుంది. జూన్, జూలైల్లో నేను చేసేది ఎరువు పని, పందిరి పని. పందిరికి సర్వే కట్టెలు రెండడుగుల లోతు దిగాలి. ఒకసారి అడుగుతో సరిపెట్టాను, పందిరి వెళ్లి పక్కింటి స్కూటర్ మీద పడింది.

ఎరువు గురించి ఒక మాట. పచ్చిపేడ వేయకండి. ఒక ఏడాది తొందరపడి వేస్తే, కనకాంబరాలు ఉన్నట్టుండి వాడిపోయాయి. లాగితే చేతిలోకి ఊడొచ్చాయి, వేరన్నదే లేదు. కింద తవ్వితే కొడవలిలా ముడుచుకున్న లావాటి తెల్ల వేరుపురుగులు. ఎరువు నల్లగా, పొడిగా, వాసన లేకుండా ఉంటేనే మడిలోకి. శెనక్కాయ చెక్క మనకు గానుగల దగ్గర సులభంగా దొరుకుతుంది. గుప్పెడు చెక్క మూడు రోజులు నానబెట్టి, పదింతలు నీళ్లు కలిపి పోయండి. అలాగే ముక్కలుగా మొదట్లో పెడితే పందికొక్కులు రాత్రికి రాత్రే తవ్వేస్తాయి.

ఆగస్టులో చిక్కుడు గింజలు పెడతాను. మూడు నెలలు ఆకులు తప్ప పువ్వు కనపడదు. మా ఆయన రోజూ ఎగతాళి చేస్తాడు. పగటిపొద్దు కురచయ్యేదాకా అది పూయదు, కంగారుపడి యూరియా వేస్తే ఆకే ఇంకా పెరుగుతుంది. రథసప్తమికి కాయలూ ఆకులూ మనవే. బంతి నారు కూడా ఆగస్టు మొదట్లోనే నాటాలి, లేకపోతే దీపావళికి బజారులో కొనాల్సిందే. వానలు తగ్గాక మెంతికూర, పాలకూర, కొత్తిమీర. వాటికి చలికాలమే పండగ, చెప్పడానికేం లేదు.

అసలు విషయం మల్లె. నవంబరు చివర్లో నీళ్లు ఆపేయాలి. చూస్తూ ఎండగట్టడం కష్టంగానే ఉంటుంది, పక్కింటామె "అక్కా, చెట్టు చంపుతున్నావు" అంటుంది కూడా. ఆకు వాడి, కొంత రాలాక, డిసెంబరు చివర్లో కత్తెర పడుతుంది. మోకాలి ఎత్తుకు, అంటే నేల నుంచి సుమారు 45 సెంటీమీటర్ల దగ్గర, అన్ని కొమ్మలూ ఒకే ఎత్తులో కోస్తాను. ఎండుపుల్లలు, పెన్సిల్ కంటే సన్నటి బలహీనపు కొమ్మలు మొదలుకంటా తీసేస్తాను. కోత కొంచెం ఏటవాలుగా, కణుపుకు పైన. తర్వాత మొదలు చుట్టూ నాలుగు వేళ్ల లోతు తవ్వి, రెండు మూడు రోజులు ఎండనిచ్చి, తట్టెడు ఎరువు వేసి మట్టి కప్పి, అప్పుడు కడుపునిండా నీళ్లు. పది పదిహేను రోజుల్లో కణుపుల దగ్గర చిగుళ్లు పొటమరిస్తాయి. ఉగాదికి మొగ్గలు. మొగ్గ ఊదారంగుకు తిరిగి చిన్న రంధ్రం కనపడితే లోపల పురుగున్నట్టే. తెంపి నలిపేయండి, చెట్టు కింద పారేయొద్దు.

ఎండాకాలానికి మడుల మీద రెండంగుళాల మందం శెనక్కాయ పొట్టు పరుస్తాను. మొదట్లో అందంగా ఉంటుందని మడుల చుట్టూ కడప బండలు నిలబెట్టించాను. ఏప్రిల్‌కు అవి పెనంలా కాలి, అంచు వెంబడి మొక్కలన్నీ మాడాయి. ఆ బండలు ఇప్పుడు బట్టలుతకడానికి పనికొస్తున్నాయి.

ఎండల్లో ఊరెళ్లాల్సి వస్తే మొక్క పక్కన ఒక కొత్త మట్టికుండ మెడదాకా పాతిపెట్టి, నింపి, మూత పెట్టండి. మూత లేకపోతే దోమలు. గోడల నుంచి నీళ్లు నెమ్మదిగా ఊరి వేర్లకు అందుతాయి, మా మట్టిలో మూడు రోజులు నడిచింది. రంగు వేసిన కుండ పనికిరాదు. ఏడాదికొకసారి తీసి కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దండి, లేకపోతే ఉప్పు పట్టి ఊరడం ఆగిపోతుంది.