చదివి రాద్దాం – 4వ పాఠం: తాన్యా తొమ్మిది పేజీలు

పోయిన పాఠంలో కథ చదివి అభిప్రాయం రాయడం చూశాం. ఈసారి డైరీ. రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) తాన్యా సావిచెవా అనే పిల్ల 11, 12 ఏళ్ల వయసులో రాసినది. మొత్తం తొమ్మిది చిన్న పేజీలే. ముందు ఒకసారి చదివేయండి, రెండు నిమిషాలు కూడా పట్టదు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం ఊరిని చుట్టుముట్టింది, లోపల తిండి కరువైంది. 1941 సెప్టెంబర్ 8న మొదలైన ఈ ముట్టడి 1944 జనవరి 27 దాకా సాగింది. అక్షరక్రమంలో పేజీలున్న అక్క నీనా నోటుబుక్కు తాన్యా చేతికొచ్చింది. ఇంట్లో ఎవరు పోతే వాళ్ల అక్షరం పేజీలో రాసింది. అక్క ఝెన్యా 1941 డిసెంబర్ 28న, అమ్మమ్మ 1942 జనవరి 25న, అన్న ల్యోకా మార్చి 17న, నాన్న అన్నదమ్ములు వాస్యా, ల్యోషా ఏప్రిల్ 13న, మే 10న, అమ్మ మే 13న.

దీని మీద రాయమంటే ఎక్కువమంది ఇలా మొదలెడతారు: ‘ఈ డైరీ చదివి నా కళ్లు చెమర్చాయి. యుద్ధం ఎంత భయంకరమో తెలిసింది. ప్రపంచంలో శాంతి వెల్లివిరియాలి.’ మార్కులు పడతాయేమో గానీ, ఇందులో తాన్యా ఎక్కడుంది? ఏ యుద్ధం పుస్తకం గురించైనా ఇవే మూడు వాక్యాలు రాసేయొచ్చు.

కన్నీళ్లు పక్కనపెట్టి పేజీ చూడండి. ఒక్కొక్కరి చావు రాసిన ప్రతి పేజీలోనూ తేదీతోపాటు వేళ కూడా ఉంది. అమ్మ పేజీలో ఉదయం 7:30. ఇంకాస్త నిదానంగా చూస్తే, ల్యోషా పేజీలోనూ అమ్మ పేజీలోనూ ‘చనిపోయారు’ అన్న మాటే లేదు. ‘ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు’ అని తీర్పు చెప్పేయాలనిపిస్తుంది. చెప్పకండి. మాట లేదన్నది కనబడుతున్న సంగతి, ఎందుకు లేదన్నది మీ ఊహ. రెండూ ఒకే వాక్యంలో కలిపేయొద్దు. ఇలా రాయొచ్చు:

‘అమ్మ పేజీలో ఏడున్నర అని చదివి ఆగిపోయాను. గడియారం చూసిందా, ఎవరైనా చెప్పారా? అంతకు మూడు రోజుల ముందు ల్యోషా పోయాడు. ఇద్దరి పేజీల్లోనూ చనిపోయారన్న మాట లేదు. రాసి రాసి అలవాటైపోయిందేమో అనిపించింది. అలా అనిపించినందుకు నాకే ఇబ్బందిగా ఉంది.’

చూశారా, ఏడుపు ఊసే లేదు.

తర్వాత ఆ తేదీల పక్కన ఊళ్లో ఏం జరుగుతోందో పెట్టండి. 1941 నవంబర్ 20 నుంచి కార్మికులకు రోజుకు 250 గ్రాముల రొట్టె, పిల్లలకు 125. డిసెంబర్ 25న పెంచారు. ఝెన్యా 28న పోయింది. ఇక ‘దారుణం’ అని మీరు విడిగా రాయనక్కర్లేదు.

చివరి మూడు పేజీలు: ‘సావిచెవ్‌లు చనిపోయారు’, ‘అందరూ చనిపోయారు’, ‘తాన్యా ఒక్కతే మిగిలింది’. నిజానికి నీనా బతికే ఉంది. తను పనిచేసే ఫ్యాక్టరీ వాళ్లతోపాటు లడోగా సరస్సు దాటించి ముట్టడి బయటికి పంపేశారు, ఇంటికి కబురు అందలేదు. అన్న మిఖాయిల్ కూడా బతికాడు. తాన్యాకి అది తెలియదు. ఆమెను 1942లో గోర్కీ ప్రాంతానికి తరలించారు, 1944 జూలై 1న అక్కడే కన్నుమూసింది. డైరీలో రాసింది తప్పయితే, డైరీ అబద్ధమవుతుందా? నన్నడిగితే మంచి వ్యాసానికి ఈ ప్రశ్న ఒక్కటి చాలు.

అభ్యాసం: నీనా సంగతి తెలిశాక చివరి పేజీ మళ్లీ చదివి ఆరు వాక్యాలు రాయండి. మొదటి నాలుగింటిలో ‘నేను’ రాకూడదు.

వచ్చే పాఠంలో, నాజీలకు దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన యూదుల అమ్మాయి ఆన్ ఫ్రాంక్. 1944లో రేడియోలో ఒక ప్రకటన విని, అచ్చు వేయించాలన్న ఆశతో తన డైరీని తానే తిరగరాసింది. ఇవాళ్టి పద్ధతి అక్కడ సగమే పనికొస్తుంది.