ప్రయోగాత్మక ఏకాంకిక రచన – మూడవ పాఠం: ప్రేమ, బాధ, ఒక నిబంధన

విడిపోతున్న ఇద్దరు మనుషుల కథను ఐదారు వాక్యాలలో రాసి ఉంచుకోవలసిందిగా గత పాఠం చివర కోరాను. ఈ పాఠంలో ఆ కథకు కొత్తగా ఏమీ చేర్చము, దాని నుంచి ఒకదానిని తీసివేస్తాము. ప్రేమ ఇతివృత్తంగా నాటిక రాయబూనిన వారిలో చాలామంది, ముఖ్యంగా పరిషత్తు పోటీలను దృష్టిలో పెట్టుకొని రాసేవారు, బాధపడుతున్న పాత్ర చేత తన బాధ ఎంతటిదో చెప్పిస్తారు. నటుడు గొంతు పెంచుతాడు, తెర వెనుక వయొలిన్ మొదలవుతుంది, ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. అయితే ఆ చప్పట్లు నటుడి ఊపిరికి దక్కినవే తప్ప పాత్ర బాధకు దక్కినవి కావు. పాత్రకు అత్యవసరమైన దానిని నాటిక నిర్మాణమే అడ్డుకున్నప్పుడు బాధను ఎవరూ నోటితో చెప్పనవసరం లేదు. రచయిత రంగస్థలానికి విధించే అటువంటి అడ్డంకిని ఈ పాఠంలో నిబంధన అని వ్యవహరిద్దాము.

స్వీడిష్ రచయిత ఆగస్ట్ స్ట్రిండ్‌బర్గ్ రాయగా 1889లో కోపెన్‌హాగెన్‌లో ప్రదర్శితమైన ‘ద స్ట్రాంగర్’ ఇందుకు తొలి ఉదాహరణ. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఒక కాఫీ హోటల్‌లో ఇద్దరు నటీమణులు ఎదురుపడతారు. ఒకరు వివాహిత, మరొకరు అవివాహిత. వీరిలో వివాహిత మాత్రమే మాట్లాడాలి, రెండవ ఆమె నాటిక ముగిసే వరకు ఒక్క మాట కూడా పలకకూడదు. నిబంధన ఇంతే. వివాహిత తాను కొన్న బహుమతులను ఒక్కొక్కటిగా చూపిస్తూ, భర్త కోసం తెచ్చిన చెప్పుల జతలో చేతులు దూర్చి, బల్లమీద వాటిని నడిపిస్తూ ఆయన నడకను అనుకరిస్తుంది. ఎదుటి ఆమె పెద్దగా నవ్వుతుంది. ఆ చెప్పుల మీద తులిప్ పూలు కుట్టి ఉన్నాయి. కొంతసేపటికి, తనకు బొత్తిగా గిట్టని ఆ పూలను తాను ఎందుకు కుట్టవలసి వచ్చిందో, కొడుక్కి ఆ పేరు ఎందుకు పెట్టవలసి వచ్చిందో, వేసవికి సముద్రతీరానికి కాక సరస్సు ఒడ్డుకే ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో మాట్లాడుతుండగానే ఆమెకు అర్థమవుతూ వస్తుంది: అవన్నీ ఎదుట కూర్చున్న మనిషి ఇష్టాయిష్టాలు, భర్త ద్వారా తన ఇంట్లోకి వచ్చి చేరినవి.

ఎదుటి ఆమె ఒక్కసారి “అవును” అన్నా, “కాదు” అన్నా ఈ నాటిక అక్కడితో కూలిపోతుంది. అవునంటే అది నేరాంగీకారం, కాదంటే వాదన. రెండూ మనకు బాగా అలవాటైన సన్నివేశాలే. ఆమె మౌనంగా ఉండటం వల్ల వివాహిత తన బాధకు సాక్ష్యాన్ని తానే వెతుక్కోవలసి వస్తుంది, ఆ సాక్ష్యం ఆమె చేతుల్లోని చెప్పుల మీదే దొరుకుతుంది. మౌనంగా ఉన్న పాత్ర అక్కడ ఖాళీగా కూర్చోలేదన్నది కూడా గమనించాలి: ఆమె నవ్వుతుంది, మాట్లాడబోతున్నట్లు కదులుతుంది, పత్రికలు తిరగేస్తుంది. ఆ పాత్రకు కూడా సంభాషణలు రాసినంత శ్రద్ధగా చేష్టలు రాయాలి.

ఫ్రెంచి రచయిత జాన్ కాక్టో నాటిక ‘ద హ్యూమన్ వాయిస్’ 1930లో పారిస్‌లోని కొమెడీ ఫ్రాన్సేజ్ నాటకశాలలో తొలిసారి ప్రదర్శితమైంది. రంగస్థలం మీద ఒక స్త్రీ, ఒక గది, ఒక టెలిఫోను ఉంటాయి. ఆమెను వదిలి మరొకరిని పెళ్ళాడబోతున్న ప్రియుడు అవతలి వైపు మాట్లాడుతున్నాడు కాని అతడి గొంతు మనకు వినిపించదు. లైను మాటిమాటికీ తెగిపోతుంది, మధ్యలో పరాయి గొంతులు జొరబడతాయి. ఇంటి నుంచే మాట్లాడుతున్నానని అతడు నమ్మించాడు. లైను తెగినప్పుడు ఆమె అతడి ఇంటికి ఫోను చేస్తే, ఆయన ఇంట్లో లేరని పనివాడు చెబుతాడు. ఆ తర్వాత లైను మళ్ళీ కలిసినప్పుడు ఆ అబద్ధం తనకు తెలిసిపోయిందని ఆమె అనలేదు, అలా అంటే అతడు ఫోను పెట్టేస్తాడేమోనన్న భయం.

మన నాటికలలో ఫోను వచ్చినప్పుడు పాత్రలు “ఏమిటీ? రేపు ఉదయం బస్సుకే బయలుదేరుతున్నావా?” అంటూ అవతలివారి మాటలను ప్రేక్షకుల కోసం తిరిగి అప్పగిస్తూ ఉంటాయి. నిజ జీవితంలో ఎవరూ అలా మాట్లాడరు. ఈ తప్పు రాకుండా ఉండాలంటే, అవతలి వ్యక్తి మాటలన్నిటినీ ముందుగా వేరొక కాగితం మీద పూర్తిగా రాసుకొని, ఆ కాగితాన్ని నటికి, దర్శకుడికి మాత్రమే ఇవ్వాలి. అప్పుడు నటి ఎంతసేపు వింటుందో, ఏ మాట దగ్గర ఆమె ముఖం మారుతుందో రిహార్సల్‌లో కచ్చితంగా తేలుతుంది.

ఐరిష్ రచయిత శామ్యూల్ బెకెట్ నాటిక ‘ప్లే’ 1963లో జర్మనీలోని ఉల్మ్ నగరంలో తొలుత జర్మన్ భాషలోనే ప్రదర్శితమైంది. అందులో ఒక పురుషుడు, అతడి భార్య, అతడి ప్రియురాలు మూడు పెద్ద కుండలలో మెడవరకు కూరుకుపోయి ఉంటారు. స్పాట్‌లైట్ ఎవరి ముఖం మీద పడితే వారు మాట్లాడాలి, తొలగగానే వాక్యం మధ్యలోనైనా ఆగిపోవాలి. అంతా ముగిశాక నాటిక మొత్తం మళ్ళీ మొదటి నుంచి నడుస్తుంది. దీనిని అనుకరించవద్దని నా సలహా. కుండలను తెచ్చిపెట్టడం సులువే, ఆ కాంతి చేసే విచారణను రాయడమే కష్టం.

మీ కథకు నిబంధనను ఎన్నుకునేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనిని తొలగిస్తే పాత్రల కష్టం తగ్గుతుందా? తగ్గకపోతే అది నిబంధన కాదు, అలంకారం మాత్రమే. ముఖాలకు తెల్లరంగు పూయడం, సంభాషణలను వెనుక నుంచి ముందుకు నడపడం వంటివి అధికంగా ఈ రెండవ కోవకే చెందుతాయి.

ఒక నమూనా చూద్దాము. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన దంపతులు వేరుపడుతూ ఇంట్లోని సామాను పంచుకుంటున్నారు. సామాను గురించి తప్ప వారు మరేదీ మాట్లాడకూడదన్నది నిబంధన.

భార్య: ఈ స్టీలు బిందె మీ అక్కయ్యగారు పెట్టింది. పేరు చెక్కించారు, చూడండి.
భర్త: అరిగిపోయింది.
భార్య: వేలితో తడిమితే తెలుస్తుంది.
భర్త: (తడమడు) నీ వైపు రాసుకో.
భార్య: మా అమ్మావాళ్ళింట్లో బిందెలున్నాయి.
భర్త: అట్లపెనం?
భార్య: అది మీరే ఉంచుకోండి. కొత్త పెనం మీద మీకు అట్టు లేవదు.

చివరి వాక్యంలో ఆమె పెనం గురించే మాట్లాడింది, నిబంధనను మీరలేదు. అయినా రేపటి నుంచి అతడు ఒంటరిగా వంట చేసుకోబోతున్నాడన్న సంగతిని ఆమె ముందే ఊహించి చూసిందని ప్రేక్షకులకు తెలుస్తుంది. ఇక్కడ “నేను లేకపోతే ఎలా ఉంటారో” అనే వాక్యాన్ని చేర్చాలని రచయితకు తప్పక అనిపిస్తుంది. చేర్చకూడదు. “తడమడు” అన్న రంగసూచన విషయంలో కూడా ఇంతే నిగ్రహం అవసరం. “బాధతో తడమడు” అని రాస్తే నటుడు ఆ బాధను ప్రదర్శించడానికి పూనుకుంటాడు.

వచ్చే పాఠంలోగా మీ కథకు ఒక నిబంధనను నిర్ణయించి, దానిని ఒక్క వాక్యంలో కాగితం పైభాగాన రాసి, దాని కింద రెండు పేజీల సన్నివేశం రాయండి. తర్వాత ప్రేమ, బాధ, కన్నీరు, గుండె అనే మాటలు ఎక్కడెక్కడ దొర్లాయో చూసి కొట్టివేయండి. కొట్టివేసిన చోట ఏదైనా వస్తువునో చేష్టనో పెట్టవలసి వస్తే, ఆ వస్తువు సన్నివేశం తొలి పేజీలోనే ప్రేక్షకుల కంటబడేలా ఏర్పాటు చేయండి. రాసిన దానిని మీరు స్వయంగా చదవకుండా ఇద్దరు మిత్రుల చేత పైకి చదివించి, నిబంధన ఏమిటో వారికి చెప్పకుండా వినండి. అది ఏమిటో మొదటి పేజీ ముగిసేలోగా వారంతట వారు గుర్తించలేకపోతే సన్నివేశాన్ని తిరగరాయండి.