మొదటి టెలిస్కోప్‌తో చంద్రుణ్ని, గ్రహాలను చూడటం ఎలా? బెంగళూరు మేడల కోసం

బెంగళూరులో ఆకాశం ఎక్కడ కనిపిస్తుంది, అంతా లైట్లే కదా అని చాలామంది టెలిస్కోప్ ఆలోచన మొదట్లోనే మానేస్తారు. గెలాక్సీల విషయంలో ఆ మాట నిజమే. కోరమంగళలో ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్లు కూడా తమ 2.34 మీటర్ల టెలిస్కోప్‌ను తమిళనాడులో, జవ్వాది కొండల మధ్య కావలూరులో పెట్టుకున్నారు. చంద్రుడు, గురువు, శని సంగతి వేరు. వాటి వెలుగు ముందు వీధి లైట్లు లెక్కలోకి రావు. మారతహళ్లిలో ఏ అపార్ట్‌మెంట్ మేడైనా సరిపోతుంది. అసోసియేషన్ వాళ్ల దగ్గర మేడ తాళం సంపాదించడమే అసలు పని.

కొనేటప్పుడు

రిఫ్రాక్టర్ అంటే ముందు పెద్ద లెన్స్, వెనక కన్ను పెట్టే ఐపీస్ ఉండే పొడుగు గొట్టం. మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది ఇదే: ముందు లెన్స్ 70 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్, అంటే లెన్స్ నుంచి అది బొమ్మను చేర్చే చోటి వరకూ ఉండే దూరం, 700 నుంచి 900 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల రకం పిల్లల బొమ్మ కిందే లెక్క.

అట్ట పెట్టె మీద 525 రెట్లు, 675 రెట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటే ఆ అంకెను పట్టించుకోకండి. ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో మీరే లెక్కేసుకోవచ్చు. టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ను ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. 700 గొట్టానికి 25 ఐపీస్ పెడితే 28 రెట్లు, 10 ఐపీస్ పెడితే 70 రెట్లు. లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లుంటే దానికి రెట్టింపు వరకే పెంచుకుంటూ పోవడంలో అర్థముంది. అంటే 70 లెన్స్‌కు 140 రెట్లు, అదీ గాలి బాగా నిలకడగా ఉన్న రాత్రి. అది దాటితే బొమ్మ పెద్దదవుతుంది గానీ కొత్త వివరం ఒక్కటీ రాదు, పైగా మసకబారుతుంది. పెట్టెలో 4 మిల్లీమీటర్ల ఐపీస్, రెట్లను మూడింతలు చేసే బార్లో లెన్స్ వస్తే పక్కన పెట్టేయండి. ఐపీస్ గొట్టం ఒకటింపావు అంగుళం సైజుదై ఉండాలి. అప్పుడే రేపు మంచి ఐపీస్ విడిగా కొన్నా ఇందులో సరిపోతుంది.

లెన్స్ కన్నా ఎక్కువగా పరీక్షించాల్సింది స్టాండుని. షాపులోనే గొట్టాన్ని వేలితో తట్టి చూడండి. ఒకటి రెండు సెకన్లలో కుదురుకుంటే మంచిదే. ఐదారు సెకన్లు ఊగుతూనే ఉంటే ఎంత మంచి లెన్స్ అయినా వద్దు, ఎందుకంటే ఫోకస్ నాబ్ ముట్టుకున్న ప్రతిసారీ గ్రహం గంతులేస్తుంది.

స్టాండుల్లో పైకీ కిందకీ, పక్కలకీ తిరిగే మామూలు రకం ఉంటుంది, ఈక్వటోరియల్ అని ఇంకో రకం ఉంటుంది. రెండోదాన్ని ధ్రువ నక్షత్రం వైపు సరిచేసుకోవాలి. మనం ఉన్నది 13 డిగ్రీల అక్షాంశం దగ్గర కాబట్టి ఇక్కడ ధ్రువ నక్షత్రం దిక్చక్రం నుంచి 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన ఒక్క ఎత్తైన బిల్డింగ్ ఉన్నా కనపడదు. ఆ టెన్షన్ మీకెందుకు, మామూలు రకమే తీసుకోండి.

పగలే ఫైండర్ సరిచేసుకోండి

గొట్టం మీద గురి చూసుకోవడానికి ఉండే చిన్న ఫైండర్, పెద్ద గొట్టం ఒకే చోటు చూసేలా ముందే కలపాలి. ఈ పని రాత్రికి వాయిదా వేస్తే సగం రాత్రి చంద్రుణ్ని వెతకడానికే పోతుంది.

1. సాయంత్రం ఐదింటికి మేడెక్కి, సూర్యుడికి వీపు పెట్టి తూర్పు వైపు నిలబడండి.

2. 25 ఐపీస్ పెట్టి, కనీసం అర కిలోమీటరు దూరంలో కదలకుండా ఉన్న దేన్నైనా, అంటే మొబైల్ టవర్ కొసనో వాటర్ ట్యాంక్ మూలనో, సరిగ్గా మధ్యకు తెచ్చుకోండి. కన్‌స్ట్రక్షన్ క్రేన్లు ఊరినిండా ఉన్నాయి గానీ వాటిని నమ్ముకోవద్దు, తిరిగిపోతాయి.

3. గొట్టం కదలకుండా బిగించి, ఫైండర్ స్క్రూలు కొద్దికొద్దిగా తిప్పుతూ అదే కొస దాని గీతల మధ్యకో ఎర్ర చుక్క మీదకో వచ్చేలా చేయండి. తర్వాత 10 ఐపీస్ పెట్టి ఇంకోసారి సరిచూసుకోండి.

చిన్న ఫైండర్లలో బొమ్మ తలకిందులుగా కనిపించడం మామూలే. పెద్ద గొట్టానికి వెనక వెలుగును పక్కకు మళ్లించే ఏటవాలు అద్దం, అంటే డయాగనల్ ఉంటే పైకిందులు సరిగ్గానే ఉంటాయి, కుడి ఎడమలు మాత్రం తారుమారవుతాయి.

సూర్యుడి విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. టెలిస్కోప్‌లోంచి గానీ ఫైండర్‌లోంచి గానీ సూర్యుణ్ని చూస్తే క్షణంలో చూపు పోవచ్చు. పెట్టెలో ఐపీస్‌కు బిగించే నల్లటి సన్ ఫిల్టర్ వస్తే పిల్లల చేతికి దొరక్కముందే చెత్తబుట్టలో పడేయండి. లెన్స్ పోగుచేసిన వేడంతా దాని మీదే పడి అది పగిలిపోతుంది.

మేడ మీద

ఎండకు కాగిన స్లాబ్ రాత్రి ఎనిమిది, తొమ్మిది వరకూ వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ వేడిగాలి అడ్డొచ్చినంతసేపూ గ్రహం అంచు నీళ్లలో ఉన్నట్టు వణుకుతుంది. చంద్రుడికి పర్వాలేదు గానీ గ్రహాలకు మాత్రం తొమ్మిది తర్వాత వెళ్లడం మేలు. టెలిస్కోప్‌ను ఓ ఇరవై నిమిషాలు ముందే బయట పెట్టి చల్లారనివ్వండి. గదిలోంచి కిటికీ అద్దం గుండా చూస్తే ఏమీ తేలదు.

స్టాండు కాళ్లు పూర్తిగా సాగదీయకుండా, స్టూలు వేసుకుని కూర్చుని చూడండి. కాళ్ల మధ్య ట్రే నుంచి ఓ ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ వేలాడదీస్తే ఊగడం చాలా తగ్గుతుంది. ముందుగా 25 ఐపీస్‌తో పట్టుకుని, మధ్యకు తెచ్చి, ఆ తర్వాతే 10కి మారండి. తిన్నగా 10తో వెతకడం మొదలుపెడితే ఓపిక అక్కడే అయిపోతుంది.

ఇక్కడి ఆకాశంలో ఇంకో తిరకాసు ఉంది. మన అక్షాంశం వల్ల గ్రహాలు చాలాసార్లు దాదాపు నడినెత్తి మీదుగా పోతాయి. గాలి పొర పలచగా అడ్డొస్తుంది కాబట్టి అది అదృష్టమే. కానీ పొడుగు గొట్టాన్ని నిట్టనిలువుగా లేపితే వెనక కొస స్టాండు కాళ్లకు తగులుతుంది, మెడ విరుగుతుంది, పక్కకు తిప్పబోతే మొరాయిస్తుంది. గ్రహం నడినెత్తికి రావడానికి రెండు గంటల ముందో, దాటిన రెండు గంటలకో చూడండి. అది ఏ వేళో స్టెల్లేరియం లాంటి ఉచిత యాప్ చెబుతుంది.

గురిపెట్టి వదిలేస్తే భూమి తిరగడం వల్ల గ్రహం మెల్లగా పక్కకు జారిపోతుంది. 70 రెట్లలో ఓ మూడు నిమిషాల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి పోతుంది. ఎటు జారుతోందో ఒకసారి గమనించుకుని, అది లోపలికి వచ్చే అంచు దగ్గర పెట్టి చేతులు తీసేయండి. దాటేవరకూ హాయిగా చూడొచ్చు.

చంద్రుడు: తెలుగు క్యాలెండర్ చూసుకుని వెళ్లండి

కొత్తవాళ్లంతా పౌర్ణమి కోసం ఆగుతారు. చంద్రుణ్ని చూడటానికి అన్నిటికన్నా పేలవమైన రాత్రి అదే. వెలుగు ఎదురుగా పడుతుంది కాబట్టి నీడలుండవు, నీడల్లేకపోతే కొండలూ గుంటలూ తెలియవు. శుక్ల పక్షంలో పంచమి నుంచి దశమి వరకూ వెళ్లండి. వెలుగు, చీకటి కలిసే గీత వెంబడే మీ చూపు నడపండి. అక్కడ మనుషులుంటే వాళ్లకు అది సూర్యోదయం వేళ, చిన్న గుట్టకు కూడా పొడుగాటి నీడ పడుతుంది.

షష్ఠి నాడు ఆ గీత దగ్గర థియోఫిలస్, సిరిలస్, కాథరీనా అనే మూడు పెద్ద గుంటలు ఒకదాని పక్కన ఒకటి దొరుకుతాయి. థియోఫిలస్ మధ్యలో కొండ శిఖరం స్పష్టంగా ఉంటుంది. అష్టమికి ఎపెనైన్ పర్వతాల వరస బయటపడుతుంది. దశమికి కోపర్నికస్ అనే గుంట, 93 కిలోమీటర్ల వెడల్పుతో, మెట్లు మెట్లుగా దిగే గోడలతో. ఒక్కరోజే చూసే వీలుంటే నా ఓటు దశమికే. 28 రెట్లలో చంద్రుడు మొత్తం పడతాడు, 70 రెట్లలో అంచుల దాకా నిండిపోతాడు. అంచు చుట్టూ సన్నటి ఊదారంగు కనిపిస్తే కంగారుపడకండి, ఈ ధర రిఫ్రాక్టర్లన్నిటికీ ఆ గుణం ఉంటుంది.

పక్క ఫ్లాట్ పిల్లలు తప్పకుండా అడుగుతారు: "అంకుల్, విక్రమ్ ల్యాండర్ కనిపిస్తుందా?" కనిపించదు. 70 మిల్లీమీటర్ల లెన్స్ చంద్రుడి మీద ఓ మూడు కిలోమీటర్ల కన్నా చిన్నవాటిని విడదీసి చూపలేదు. 2023 ఆగస్టు 23న అది దిగిన దక్షిణ ధ్రువం వైపు మాత్రం చూపించొచ్చు. గుంట మీద గుంటగా ఉన్న ఆ నేలను చూస్తే అక్కడ దిగడం ఎందుకంత కష్టమో పిల్లలకు వాళ్లంతట వాళ్లకే తెలుస్తుంది.

వినాయక చవితి రాత్రి ఒక్కటీ వదిలేయండి. ఎలాగూ మబ్బే ఉంటుంది, పైగా ఇంట్లో పెద్దవాళ్లుంటే నీలాపనిందలు, శమంతకమణి కథ మొదటి నుంచీ వినాల్సి వస్తుంది.

గ్రహాలు

గురువుతో మొదలుపెట్టండి. 28 రెట్లలోనే పక్కన వరసగా చుక్కలు కనిపిస్తాయి, అవి గురువు ఉపగ్రహాలు: అయో, యూరోపా, గానిమీడ్, కలిస్టో. గెలీలియో 1610 జనవరిలో చూసినవి ఇవే. ఒక్కోసారి మూడే ఉంటే నాలుగోది గురువు ముందో వెనకో ఉందన్నమాట. కాగితం మీద చుక్కలు గీసుకుని మర్నాడు అదే వేళకు మళ్లీ చూడండి, వరస మారిపోయి ఉంటుంది. అయో అయితే 42 గంటల్లో ఒక చుట్టు తిరిగేస్తుంది. 70 రెట్లలో గురువు మీద రెండు గోధుమరంగు పట్టీలు తేలతాయి. గురువు ఫోటోల్లో కనిపించే ఆ పెద్ద ఎర్ర మచ్చ మీద ఆశ పెట్టుకోకండి.

గురువు మనకు దగ్గరగా ఉన్న రోజుల్లో 70 రెట్లలో మామూలు కంటికి కనిపించే చంద్రుడి కన్నా పెద్దగానే ఉంటాడు. చుట్టూ నల్లటి ఖాళీ ఉండేసరికి చిన్నగా అనిపిస్తాడు. "ఇంతేనా!" అని వెంటనే లేచిపోకుండా పది నిమిషాలు కూర్చోవాలి. గాలి నిలకడగా ఉండే క్షణాలు మధ్యమధ్యలో వస్తాయి. పట్టీలు, అంచు అప్పుడే పదునుగా కనిపిస్తాయి.

శని 28 రెట్లలో కోలగా కనిపిస్తాడు, 70కి వెళ్తే వలయం విడిగా తెలుస్తుంది. 2025 మార్చిలో వలయం అంచు సరిగ్గా మన వైపు తిరిగింది కాబట్టి ఇప్పుడిప్పుడే మళ్లీ విచ్చుకుంటోంది, ఏటేటా ఇంకా బాగుంటుంది. పక్కన కనిపించే చుక్క చాలాసార్లు శని ఉపగ్రహం టైటన్.

శుక్రుణ్ని మాత్రం చీకటి పడకముందే, సూర్యుడు పూర్తిగా అస్తమించాక ఉండే సంధ్య వెలుగులో చూడండి. చంద్రుడిలాగే కళలు మారుతూ ఉంటాడు. బాగా చీకటి పడితే ఆ తళతళలో ఆకారం తెలియదు. కుజుడు దాదాపు 26 నెలలకోసారి దగ్గరకొస్తాడు, మిగతా రోజుల్లో ఎర్ర చుక్కే.

ఫోటో కావాలంటే ఐపీస్‌కు మొబైల్ బిగించే క్లిప్ దొరుకుతుంది. చేత్తో పట్టుకుని తీయబోతే విసుగొస్తుంది.

డిసెంబరు, జనవరి రాత్రుళ్లు లెన్స్ మీద మంచు పడుతుంది. గుడ్డతో తుడవకండి. ఇంట్లోకి తెచ్చి, మూత పెట్టకుండా ఆరనిచ్చి, తర్వాత మూయండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ ఆకాశం తెరిపి ఇచ్చేది తక్కువ. ఆ నెలల్లో ఐపీస్‌లను సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత డబ్బాలో ఉంచండి, లేకపోతే లెన్స్‌కు ఫంగస్ పడుతుంది. ఒకసారి పడితే అది మచ్చ లేకుండా పోవడం కష్టం.