రడ్డర్ బుష్ మార్చేటప్పుడు నేను పాటించే పద్ధతి

ఓడ చుక్కాని (రడ్డర్) ఇరుసు తిరగడానికి పెట్టే గొట్టం లాంటి బేరింగే రడ్డర్ బుష్. కాంపోజిట్ బుష్ అంటే బట్టకు రెజిన్ పట్టించి గట్టిపరిచిన గొట్టం. కంచు బుష్‌లాగే చూస్తే మోసపోతాం. ఇది నీళ్లలో కాస్త ఉబ్బుతుంది, వేడికి లోహంకన్నా ఎక్కువ పెరుగుతుంది.

ముందు హౌసింగ్, అంటే బుష్ కూర్చునే రంధ్రం, కొలవండి. పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట రెండు దిక్కుల్లో. కొలిచిన టెంపరేచర్ కూడా రాసుకోవాలి. ఒకసారి మిట్టమధ్యాహ్నం కొలిచి, చల్లటి వర్క్‌షాపులో బుష్‌ను లేత్ మీద చెక్కిస్తే, బిగింపు తేడా వచ్చి రెండు రోజుల పని మళ్లీ చేశాను.

లోపలి కొలత దగ్గరే అసలు సంగతి. బుష్ బిగిస్తే రంధ్రం ఇరుకవుతుంది. ఆ తగ్గుదల, నీటి ఉబ్బు, వేడి పెరుగుదల, వాటిపైన ఇరుసు తిరగడానికి వదిలే ఖాళీ (క్లియరెన్స్), అన్నీ లెక్కేసి లోపలి రంధ్రం చెక్కించాలి. లోహం కాని బుష్‌కు వ్యాసం మీద కనీసం 1.5 మి.మీ. క్లియరెన్స్ అని క్లాస్ (ఓడలను తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థల) నిబంధన. అంతకన్నా తగ్గించాలంటే తయారీదారు సిఫారసు, అలా బాగా నడిచినట్టు రికార్డు ఉండాలి.

లేత్ మీద నీళ్లు, నూనె పోయకుండా పొడిగానే చెక్కండి. కార్బైడ్ టూల్, మాస్క్ తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఎక్కించేటప్పుడు సుత్తి వద్దు. తయారీదారు ఒప్పుకుంటే -196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచితే బుష్ కుంచించుకుని హౌసింగ్‌లోకి సులువుగా జారుతుంది. మూసిన చోట మాత్రం అది వాడకండి, ఆక్సిజన్ తగ్గి మనిషి చప్పుడు లేకుండా పడిపోతాడు. బుష్ మామూలు వేడికి వచ్చాక లోపలి వ్యాసం మళ్లీ కొలవండి.