మన బండి మనమే చూసుకుందాం: 6వ పాఠం – పసుపు లైటు, చలి ఊరికి ఆయిల్

పోయిన పాఠంలో ఆయిల్ కడ్డీ తీసి, తుడిచి, మళ్లీ ముంచి రెండు గీతల మధ్య మట్టం చూడడం నేర్చుకున్నాం. ఇంకా చూడనివాళ్లు ముందు ఆ పని చేసి రండి. ఈ పాఠం దాని మీదే నిలబడుతుంది.

అనంతపురంలో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి గుత్తి, కర్నూలు మీదుగా ఉత్తరానికి పోతూ ఉంటే ఆ రోడ్డు శ్రీనగర్ దాకా తీసుకుపోతుంది. మా మామ కొడుకు డిసెంబరులో పాత పెట్రోలు కారేసుకుని అలా పోతానన్నాడు. బయలుదేరే ముందు బండి చూద్దామని కూర్చున్నాం. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ పసుపు లైటు వెలుగుతోంది. "నెల నుంచి ఉందిలే బావా, బండి బాగానే నడుస్తోంది" అన్నాడు.

ఈ లైటు కీ తిప్పగానే వెలిగి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. కీ తిప్పినప్పుడు అసలు వెలగకపోతే అదీ అనుమానించాల్సిందే. పాత బండి కొనేటప్పుడు ఇది తప్పకుండా చూడండి. లైటు నిలకడగా వెలుగుతూ ఉంటే, బండి మామూలుగా నడుస్తుంటే, మెల్లగా మెకానిక్ దగ్గరికి పోవచ్చు. మిణుకుమిణుకుమంటుంటే సిలిండరులో పెట్రోలు సరిగా మండడం లేదని అర్థం. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. వేగం తగ్గించి, వీలైనంత త్వరగా ఆపేయండి. ఎర్రటి నూనె డబ్బా బొమ్మ వేరే సంగతి. అది ఆయిల్ ప్రెషర్ లైటు. నడుస్తుండగా వెలిగితే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి, ఇంకో కిలోమీటరు కూడా పోకూడదు.

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బీఎస్-4 అనే కాలుష్య ప్రమాణం కింద వచ్చే కొత్త కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది. అంటే బండి తన లోపాన్ని తానే పసిగట్టి ఒక కోడ్‌గా దాచుకునే ఏర్పాటు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో చిన్న స్కానర్ పెడితే ఫోన్‌లో కోడ్ కనబడుతుంది. కోడ్ ఏ పార్టు మార్చాలో చెప్పదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది. పీ0171 వస్తే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని అర్థం. చాలామంది వెంటనే పొగలో ఆక్సిజన్ కొలిచే ఆక్సిజన్ సెన్సర్ మార్పిస్తారు, తీరా చూస్తే ఎక్కడో రబ్బరు పైపు చిట్లి ఉంటుంది. కోడ్ చెరిపేసి లైటు ఆర్పడం రిపేరు కాదు.

మా బండిలో వచ్చింది పీ0128. అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కూలెంట్, వేడెక్కాల్సినంత వేడెక్కడం లేదు. విప్పి చూస్తే, ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని చిన్న వాల్వు, థర్మోస్టాట్, లేదు! ఎండాకాలంలో ఒక మెకానిక్ "మన ఎండకు ఇదెందుకప్పా" అని పీకేశాడట. థర్మోస్టాట్ లేకపోతే ఇంజిన్ ఎప్పుడూ అరవేడిలోనే నడుస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పైగా కశ్మీరు చలిలో కారు హీటరు నుంచి వెచ్చటి గాలి సరిగా రాదు.

ఆయిల్ విషయంలోనూ ఇదే పొరపాటు. "మన ఎండకు చిక్కటిది" అని మావాడు 20డబ్ల్యూ-50 గ్రేడ్ ఆయిల్ పోయించాడు. బండి పుస్తకంలో ఉన్నది 5డబ్ల్యూ-30. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందు అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆయిల్ అంత తేలిగ్గా కదులుతుంది. ప్రమాణం ప్రకారం 20డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 15 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూను మైనస్ 20 దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. శ్రీనగర్‌లో చలికాలం రాత్రుళ్లు సున్నాకు కొన్ని డిగ్రీలు కిందికి పోతాయి కాబట్టి 20డబ్ల్యూతోనూ ఇంజిన్ తిరుగుతుంది. కానీ చిక్కటి ఆయిల్ పైభాగాలకు ఎక్కేలోపు ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. ఇంకా చలి ఎక్కువుండే లేహ్ దాకా పోతే ఆ మాత్రం భరోసా కూడా లేదు.

రెండో అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. బయట మే నెల ఎండ 42 ఉన్నా, డిసెంబరు చలి 15 ఉన్నా, వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ దాదాపు ఆ 100 దగ్గరే ఉంటుంది. అందుకే ఊరి ఎండ చూసి గ్రేడ్ ఎంచుకోవడం సరికాదు. మాన్యువల్‌లో వేడి ప్రదేశాలకంటూ వేరే గ్రేడ్ ఇచ్చి ఉంటే అది వాడండి. ఈ కాలపు చాలా ఇంజిన్లలో వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే యంత్రాంగం ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. చిక్కటి ఆయిల్ పోస్తే అది ఆలస్యంగా కదిలి, పీ0011 లాంటి కోడ్‌తో అదే పసుపు లైటు వెలగవచ్చు. బీఎస్-6 డీజిల్ బండ్లకు గ్రేడ్ ఒక్కటే చాలదు, బూడిద తక్కువ మిగిల్చే రకం కావాలి.

థర్మోస్టాట్ పెట్టించి, ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించాకే వాణ్ణి పంపాను.

ఈ వారం పని: చిన్న సీసాలో ఆముదం పోసి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి వంచి చూడండి. అదే సీసా గంట ఎండలో ఉంచి మళ్లీ వంచండి. తర్వాత మీ బండి పుస్తకంలో గ్రేడ్ వెతికి, బానెట్ లోపల అతికించుకోండి. వచ్చే పాఠం రేడియేటర్. అందులో ఉత్త నీళ్లు పోసి ఉంటే మాత్రం ఆ పాఠం చదివేదాకా చలి ఊళ్లకు బయలుదేరకండి. నీళ్లు గడ్డకడితే ఇంజిన్ బ్లాకే పగులుతుంది.