గొర్రెల పరిశోధనలో సంఘం ఎలా పాలుపంచుకోవాలి: ప్రశ్న దగ్గర్నుంచి ఫలితం దాకా

గొర్రెల మీద పరిశోధన అనగానే చాలా గొర్రెల పెంపకందార్ల సంఘాలు చేసే పని ఒకటే. శాస్త్రవేత్తలు వస్తే నాలుగు మందలు చూపించి, అడిగిన చోట సంతకం పెట్టి, ఫొటో దిగి పంపించేస్తారు. తర్వాత ఏం తేలిందో ఎవరికీ తెలియదు. సంఘం ఇంకా చాలా ముందే దిగాలి, అసలు దేని మీద పరిశోధన జరగాలో తేల్చే దగ్గరే. ఎందుకంటే పరిశోధనా కేంద్రంలో ఉండే గొర్రెలన్నీ ఒకే మేత తిని, ఒకే కొట్టంలో పెరుగుతాయి. సంఘం చేతిలో రకరకాల నేలల మీద మేసే బోలెడన్ని మందలున్నాయి, వాటిని రోజూ చూసే మనుషులున్నారు. అది ఏ ల్యాబులోనూ దొరకదు.

ముందు ప్రశ్న సంగతి. మీటింగ్ పెట్టి "మీ సమస్యలేంటి" అని అడిగితే మేత, మందుల ఖర్చు, ధర, దళారులు అన్నీ కలగాపులగంగా వచ్చిపడతాయి. అలా అడగకండి. పోయిన ఈతలో ఎన్ని పిల్లలు పుట్టాయి, ఎన్ని చచ్చిపోయాయి, ఎన్నో రోజున, ఏ నెలలో అని అడగండి. అదీ మందకు పేరున్న యజమానిని కాక, పిల్లల్ని దగ్గరుండి చూసుకునేవాళ్లను అడగండి, లెక్క వాళ్లకే తెలుసు. పది మంది జవాబులు పక్కపక్కన పెడితే సమస్య ఎక్కడుందో దానంతట అదే కనబడుతుంది. ఆ తర్వాత దాన్ని పరీక్ష చేయగల ప్రశ్నగా కుదించాలి. "పిల్లలు ఎందుకు చస్తున్నాయి" అన్నదానికి ఎవరూ ఒక్క ప్రయోగంతో జవాబు చెప్పలేరు. "చూడి గొర్రెలకు చివరి ఆరు వారాలు అదనంగా దాణా పెడితే మొదటి వారంలో చచ్చే పిల్లల సంఖ్య తగ్గుతుందా" అంటే చెప్పగలరు. కడుపులో పిల్ల ఎదుగుదలలో దాదాపు 70 శాతం ఆ చివరి ఆరు వారాల్లోనే జరుగుతుంది కాబట్టి ఇది గాల్లోంచి పుట్టిన ప్రశ్న కూడా కాదు. ప్రశ్న తయారయ్యాక దగ్గర్లోని పశువైద్య కళాశాలలో ఒకసారి చూపించండి. జవాబు ఇప్పటికే తెలిసి ఉంటే అక్కడితో పని అయిపోయినట్టే, ఇక మిగిలింది దాన్ని సభ్యులకు చేరవేయడమే.

తెలియకపోతే విశ్వవిద్యాలయానికో, పరిశోధనా సంస్థకో ఒకే ఒక్క పేజీ ఉత్తరం రాయండి. ఎన్ని మందలు సిద్ధంగా ఉన్నాయి, ఒక్కో దాంట్లో ఎన్ని తల్లి గొర్రెలు, ఈత ఏ నెలల్లో, చెవి ట్యాగులు ఉన్నాయా, రికార్డు ఎన్నేళ్లది. ఇంతే చాలు, వాళ్లకు కావాల్సింది అదే. ఇక్కడ టైమింగ్ మర్చిపోవద్దు. గొర్రె చూడి కాలం సుమారు 147 రోజులు, అంటే పిల్లల మీద పరిశోధన కావాలంటే పొట్టేళ్లను మందలోకి వదలక ముందే మాటలన్నీ పూర్తయి ఉండాలి. ఈతలు మొదలయ్యాక ఫోన్ చేస్తే ఏడాది పోయినట్టే.

డబ్బు గురించి. పెద్ద ఎత్తున చేసే దేశాల్లో రైతులే తమ అమ్మకాల్లోంచి కొంత పరిశోధనకు ఇస్తారు. ఆస్ట్రేలియాలో ఉన్ని రైతులు మూడేళ్లకోసారి ఓటేసి ఎంత శాతం ఇవ్వాలో తామే తేలుస్తారు, ఆ డబ్బు ఆస్ట్రేలియన్ వూల్ ఇన్నోవేషన్ అనే సంస్థకు వెళ్తుంది, పరిశోధన వాటాకు ప్రభుత్వం కూడా తోడవుతుంది. న్యూజిలాండ్‌లో బీఫ్ ప్లస్ ల్యాంబ్ అనే సంస్థ వధకు వెళ్లే తల లెక్కన వసూలు చేస్తుంది, దాన్ని కొనసాగించాలా వద్దా అని ఆరేళ్లకోసారి రైతులే ఓటేస్తారు. నాకు ఈ పద్ధతిలో నచ్చేది డబ్బు కంటే ఓటు. తన డబ్బు పెట్టినవాడు లెక్క అడుగుతాడు. చిన్న సంఘం అంత చేయలేకపోవచ్చు, కానీ తూకం మిషన్, గొర్రెల్ని పట్టే మనుషులు, శాంపిళ్లకు ఐస్ బాక్సులు, ఇవన్నీ పరిశోధన ఖర్చులో పెద్ద భాగమే, వాటిని సంఘం వాటాగా కాగితం మీద రాయించుకోండి. మందుల కంపెనీయో దాణా కంపెనీయో డబ్బు పెడతానంటే తీసుకోవచ్చు, కాకపోతే ఫలితం వాళ్లకు వ్యతిరేకంగా వచ్చినా బయటపెట్టాలని ముందే రాసుకోవాలి.

ఒప్పందం ఆషామాషీగా తీసుకోకండి. మంద వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి, రైతు పేరు బయటికి వస్తుందా, మధ్యలో మానేయొచ్చా, ప్రయోగం వల్ల గొర్రె చచ్చిపోతే నష్టం ఎవరు కడతారు, మందు వేశాక ఎన్ని రోజుల దాకా ఆ గొర్రెను కోతకు అమ్మకూడదు. ఇవన్నీ రైతు మాట్లాడే భాషలో రాసి, చదివి వినిపించి, అప్పుడు సంతకం. ప్రయోగాన్ని నడిపించే కమిటీలో కనీసం ఇద్దరు కాపరులకు చోటు అడగండి. ఒక్కరే ఉంటే నోరు విప్పరు.

ఇక అసలు పని మంద దగ్గర. నట్టల (కడుపులో పురుగుల) మందు ఇంకా పనిచేస్తోందా అనే పరీక్షనే తీసుకుందాం, సంఘం మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచిది నాకు కనబడదు. మందు వేసే రోజున పది, పదిహేను గొర్రెల నుంచి పెంటికలు తీస్తారు. కింద పడ్డవి ఏరడం కుదరదు, గ్లోవ్ తొడుక్కుని మలద్వారం నుంచే తీయాలి. చిన్న కవర్లో వేసి, గాలి పోయేలా నొక్కి, ట్యాగు నంబరు రాసి, ఐస్ బాక్సులో పెట్టాలి, గడ్డ కట్టనివ్వకూడదు. ల్యాబులో లెక్కపెట్టేది పెంటికల్లోని నట్టల గుడ్లను, వేడికి వదిలేస్తే అవి పొదిగిపోయి లెక్క తక్కువ వస్తుంది, మీరేమో నట్టలు లేవనుకుంటారు. మందును బట్టి వారం నుంచి రెండు వారాల తర్వాత అవే గొర్రెల నుంచి మళ్లీ తీస్తారు. గుడ్లు 95 శాతం కన్నా తక్కువ తగ్గితే నట్టలు ఆ మందుకు అలవాటు పడ్డాయని అనుమానించాలి. అయితే మోతాదు సరిగ్గా పడి ఉండాలి, అందుకే తూకం వేయకుండా కంటి అంచనాతో మందు పోస్తే పరీక్ష మొత్తం వృథా.

మందు వేయని గుంపు కూడా ఉండాల్సిన ప్రయోగాల్లో పెద్ద చిక్కు ఒకటుంది. గొర్రె నీరసంగా కనబడితే కాపరికి మనసు ఒప్పదు, ఎవరికీ చెప్పకుండా ఒక డోసు పోసేస్తాడు. తప్పు పట్టలేం, కానీ పోలిక చెడిపోతుంది. దీనికి మార్గం ఉంది: ఏ స్థితికి వస్తే ఆ గొర్రెను ప్రయోగం నుంచి తీసి వైద్యం చేయాలో ముందే ఒప్పుకోవాలి, తీసిన తేదీ రాయాలి. రక్తం పీల్చే నట్టకైతే దక్షిణాఫ్రికాలో తయారైన ఫమాచా కార్డు ఉంది, కింది కనురెప్ప లోపలి రంగును కార్డు మీది ఐదు రంగులతో పోల్చి చూడటమే, ఎర్రగా ఉంటే 1, తెల్లగా పాలిపోతే 5. ఫోన్లో ఫొటో తీసిన కార్డు వాడొద్దు, రంగులు మారిపోతాయి. గుంపులుగా విడగొట్టేటప్పుడు కూడా బలమైనవి ఒక పక్కకీ బక్కవి ఇంకో పక్కకీ పోకుండా ట్యాగు నంబర్లతో చీటీలు తీయండి.

తూకాలది వేరే గొడవ లేదు, ఎప్పుడూ ఒకే మిషన్, ఒకే సమయం, మేతకు వదలక ముందు. పుట్టిన పిల్ల తూకం 24 గంటల్లోపు.

జాతి అభివృద్ధి మీద పనిచేసే సంఘాలైతే ఒకే పొట్టేలు పిల్లలు చాలా మందల్లో పుట్టేలా చూసుకోవాలి. లేకపోతే బాగా పెరిగింది రక్తం వల్లనా మేత వల్లనా అన్నది తేలదు. రైతు చూపు, రైతు రికార్డు ఎంత దూరం పోతాయో చెప్పాలంటే ఆస్ట్రేలియాలోని బూరూలా మంద చాలు. కవలల్ని, మూడేసి పిల్లల్ని ఈనే మెరినో గొర్రెలను అక్కడి పెంపకందార్లే ఏరి పెంచారు, వాటిలో కొన్ని ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ఓకు చేరాయి, 2001లో దానికి కారణమైన జన్యు మార్పు బయటపడింది. ఆ జన్యువు అక్కడికి బెంగాల్ గొర్రెల ద్వారా వెళ్లిందని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆ మంద వాళ్లు ఏ గొర్రె ఎన్ని ఈనిందో పట్టించుకోకపోయి ఉంటే ఆ గొర్రెలన్నీ ఎప్పుడో మందల్లో కలిసిపోయేవి.

రోగాల సమాచారం కూడా పరిశోధనే. పారుడు రోగాన్ని (పీపీఆర్‌ను) 2030 నాటికి ప్రపంచం నుంచి తుడిచిపెట్టాలని అంతర్జాతీయ సంస్థలు లక్ష్యం పెట్టుకున్నాయి, అది మందలో మొదటి గొర్రె పారుకున్న రోజే కబురు అందితేనే సాధ్యం. ప్రతి గుంపుకీ కబురు చేసే మనిషి ఒకరుండేలా సంఘం చూసుకోవాలి.

ఫలితం వచ్చాక మీరు రెండు అడగాలి: ఒక పేజీలో మామూలు మాటల్లో సారాంశం, ప్రతి రైతుకూ తన మంద లెక్కలు విడిగా. పత్రిక కోసం వ్యాసం రాసేదాకా ఆగుతామంటే ఏళ్లు పడుతుంది, ఒప్పందంలోనే తేదీ పెట్టించండి. "ఏమీ తేడా రాలేదు" అని తేలినా మీటింగులో చెప్పండి, సభ్యులకు ఒక ఖర్చు తప్పుతుంది. రికార్డులు కార్యదర్శి ఫోన్లో కాకుండా సంఘం ఆఫీసులో రిజిస్టరు మీద ఒకటి, కంప్యూటర్లో ఒకటి ఉంచండి, కార్యదర్శులు మారుతుంటారు, మూడేళ్ల తర్వాత ఇంకో శాస్త్రవేత్త వచ్చి అడిగే మొదటి ప్రశ్న పాత లెక్కల గురించే.