టెలిస్కోప్ అద్దం గుంట లోతు కొలిచే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

గాజును పొడితో అరగదీసి టెలిస్కోప్ అద్దం చేసేవారు, దాని గుంటకు రావలసిన లోతును మొదట కాగితంపై లెక్కగట్టుకోవాలి. అద్దం వ్యాసార్ధపు వర్గాన్ని నాభ్యంతరానికి (అద్దం నుంచి అది కాంతిని కేంద్రీకరించే బిందువు వరకు ఉన్న దూరానికి) నాలుగు రెట్లతో భాగిస్తే ఆ లోతు తెలుస్తుంది, 150 మి.మీ. వ్యాసం, 1200 మి.మీ. నాభ్యంతరం గల అద్దానికి అది సుమారు 1.17 మి.మీ. ఇందులో 0.05 మి.మీ. పొరపాటు జరిగినా నాభ్యంతరం దాదాపు 50 మి.మీ. మారిపోతుంది.

అద్దాన్నీ, గోళమాపకం (మూడు కాళ్లపై నిలిచి, మధ్యనున్న మొనతో గుంట లోతును కొలిచే పరికరం) కాళ్లనూ నీటితో కడిగి, శుభ్రమైన నూలుగుడ్డతో పూర్తిగా తుడవాలి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఇదే. ఎందుకంటే గాజును అరగదీసే ముతక పొడి అయిన 80 నంబరు కార్బోరండం రేణువు సుమారు 0.2 మి.మీ. ఉంటుంది, అది మూడు కాళ్లలో ఒక్కదాని కింద ఇరుక్కున్నా మధ్యలో తీసుకునే కొలతలో అందులో మూడో వంతు తేడా వచ్చి, ఎంత ఓపికగా చేసిన లెక్కనైనా వమ్ము చేస్తుంది.

రాపిడికి వేడెక్కిన గాజు గది ఉష్ణోగ్రతకు చేరేదాకా ఆగాలి.

గోళమాపకాన్ని ప్రతిసారీ మందపాటి చదునైన గాజుపలకపై ఉంచి సున్నాను సరిచూసుకోవాలి. దాని కాళ్లు 50 మి.మీ. వ్యాసార్ధపు వలయంపై నిలుస్తుంటే, పై అద్దంలో అది చూపవలసింది 0.52 మి.మీ. మాత్రమేనని గుర్తుంచుకోవాలి. అంచుకు అడ్డంగా స్టీలు స్కేలు పెట్టి ఫీలర్ గేజ్‌తో (తెలిసిన మందాల సన్నని రేకుల కట్టతో) కొలిచేవారు, ఏటవాలుగా చెక్కిన అంచును వ్యాసంలోంచి మినహాయించి లెక్క వేయాలి.

అద్దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ పలుమార్లు కొలవాలి. అద్దాన్ని అరగదీత పలకకు పైన ఉంచి అరగదీస్తున్నవారు, సన్నని పొడుల దశల్లోనూ గుంట మరికొంత లోతవుతుంది కనుక, లక్ష్యానికి కాస్త ముందే ముతక పొడిని ఆపాలి.